ఆకు సాక్ష్యం చాలదు

మీ వీధిలో అశోక చెట్లున్నాయా? ఉండే ఉంటాయి. స్కూలు గేటు దగ్గరో, కల్యాణ మంటపం ప్రహరీ వెంబడో, అంచులు అలలు తిరిగిన పొడుగాటి ఆకుల్ని కిందికి వేలాడేసుకుని నిటారుగా నిలబడి ఉంటాయి. నర్సరీలో అశోక అనే అమ్మారు, కొన్నవాళ్లు అశోక అనే నాటారు. కానీ రావణుడి తోటలో ఉన్నవి ఇవి కావండీ. ఈ చెట్టు నీడన ఒక మనిషి కూర్చోడమే కష్టం, ఇక చుట్టూ అంతమంది రాక్షస స్త్రీలు కూడానా! ఇది నరమామిడి. సీతాఫలం కుటుంబంలోది.

పొరపాటుకు కారణం లేకపోలేదు. రెండిటికీ ఆకులు పొడుగే. రెండిటికీ లేత చిగుళ్లు రాగిరంగులో మెత్తగా వేలాడతాయి. ఆకు మాట నమ్మితే ఇద్దరూ ఒకరే. పువ్వును అడిగితే సంగతి బయటపడుతుంది. అసలు అశోక నారింజరంగు గుత్తులు వేస్తుంది, రోజులు గడిచేకొద్దీ అవి ఎరుపెక్కుతాయి. తరవాత చిక్కుడు జాతి చెట్లన్నిటిలాగే కాయ కాస్తుంది. నరమామిడి పువ్వేమో లేతాకుపచ్చ రంగుది, ఆకుల్లో కలిసిపోయి కంటికే ఆనదు.

చెట్లను గుర్తుపట్టే సరదా ఉన్నవాళ్లకు మొదట తెలిసొచ్చేది ఇదే. ఆకు ఎప్పుడూ ఎదురుగా ఉండే సాక్షి, అడగ్గానే చెబుతుంది. అయితే చెప్పేదంతా నిజం కాదు. పువ్వూ కాయా అంత సులువుగా దొరకవు, దొరికితే మాత్రం తబ్బిబ్బు ఉండదు.

గంగరావినే తీసుకోండి. ఆకు చూసి రావి అనేవాళ్లు చాలామంది. రావాకుకు చివర సన్నటి తోక పొడుగ్గా సాగుతుంది, గంగరావికి అంత పొడుగు తోక ఉండదు. అనుమానం తీరకపోతే ఆకు తుంచండి. రావి అయితే పాలు కారతాయి. ఇంకా తీరకపోతే పువ్వు కోసం ఆగండి. రావి పువ్వు బయటికి కనపడనే కనపడదు, మర్రికీ మేడికీ మల్లేనే కాయలోపల దాక్కుని ఉంటుంది. గంగరావి పూస్తే పసుప్పచ్చగా పత్తిపువ్వులా పూసి, వాడేటప్పటికి ఎర్రబడుతుంది. అవును, అది పత్తికీ బెండకీ దగ్గరి చుట్టం. రావితో దానికి బీరకాయపీచు సంబంధం కూడా లేదు.

ఇప్పుడొక పొడుపుకథ. చింతాకూ ఉసిరాకూ పక్కపక్కన పెట్టుకోండి. ఈనెకు అటూ ఇటూ చిట్టి చిట్టి ఆకులు, రెండూ ఒకేలా ఉన్నాయి కదా? కానీ చింతలో ఆ రెబ్బంతా కలిపి ఒకే ఒక ఆకు. ఉసిరిలో అది సన్నటి కొమ్మ, దానిమీది ప్రతి చిన్న ఆకూ దేనికదే ఒక పూర్తి ఆకు. ఎవరు చెప్పారంటారా? ఉసిరికాయే చెప్పింది. మొగ్గ ఎప్పుడూ ఆకు కాడ మొదట్లో పుడుతుంది. ఉసిరిలో ఆ చిట్టి ఆకుల మొదళ్లలోనే పూలు పూస్తాయి, కాయలు అంటుకుని కాస్తాయి. చింతలో రెబ్బమీది చిట్టాకుల దగ్గర ఎప్పుడైనా పూత చూశారా? చూడరు.

వేపల సంగతి ఇంకా తమాషా. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షమైన వేప మనకు కొత్తేం కాదు. తురకవేప దాని కుటుంబంలోదే. దాని ఆకు రెండు విడతలుగా చీలి ఉంటుంది, పువ్వు తెల్లగా కాక లేత ఊదాగా ఉంటుంది. కరివేప పేరులో వేప ఉంది కానీ, అది నిమ్మ కుటుంబం. ఆకు నలిపి వాసన చూస్తే పోపు పెట్టే ఇంట్లో పుట్టినవాళ్లెవరూ పొరబడరు.

నిజానికి మన పండగలే పెద్ద పరీక్షలు. వినాయక చవితికి ఇరవైఒక్క పత్రి తేవాలి. మారేడు, జమ్మి, రావి, మద్ది, రేగు, మామిడి, ఇన్ని చెట్లు అందులో ఉన్నాయి. దేవదారు కూడా ఉంది! అది హిమాలయాల్లో పెరిగే చెట్టాయె, బజారులో పది రూపాయల కట్టలోకి ఎలా వస్తుంది? మన కొండల్లో దేవదారు అని పిలిచే చిన్న చెట్టు వేరే ఉంది, దానికీ హిమాలయాల దేవదారుకూ పోలికే లేదు.

దసరాకు జమ్మి దగ్గర మళ్లీ ఇదే గొడవ. తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి. అమెరికా ఖండం నుంచి వచ్చి మన బీళ్లన్నీ ఆక్రమించిన సర్కారు తుమ్మ దానికి దాయాదే. దూరం నుంచి చూస్తే ఆ సన్నాకులు తికమక పెడతాయి. అప్పుడు ముళ్లను చూడాలి. సర్కారు తుమ్మకు ఆకు పుట్టేచోటే, తరచు జంటగా, పొడుగాటి ముళ్లుంటాయి. జమ్మికి పొట్టి ముళ్లు కొమ్మ పొడుగునా అక్కడొకటి ఇక్కడొకటి చెదిరి ఉంటాయి.

అలాగని ఆకును మరీ అబద్ధాలకోరును చేయకండి. శేషాచలం కొండల్లో ఎర్రచందనం, వేగిస రెండూ ఉన్నాయి. రెండిటి బెరడు గాటు పెడితే ఎర్రటి రసమే కారుతుంది. రెండిటి కాయా గుండ్రంగా, పల్చగా, చుట్టూ రెక్కతో ఉంటుంది. ఇక్కడ కాయ నోరు మెదపదు, ఆకే ఆదుకుంటుంది. ఎర్రచందనం రెబ్బకు సాధారణంగా మూడు ఆకులు, వేగిసకు ఐదు నుంచి ఏడు. అంటే ఏ ఒక్క సాక్షినీ నమ్మకూడదన్నమాట.

ఈ మాట పెద్దవాళ్లకూ తెలుసు. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1793లో కలకత్తా తోటకు వెళ్లేముందు మన సామర్లకోటలో ఉండి మొక్కల్ని పరిశీలించాడు. స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1795 నుంచి అచ్చయిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల సంపుటాల్లో పువ్వునూ కాయనూ విప్పి విడిగా చూపించిన బొమ్మలున్నాయి, తెలుగు పేర్లూ ఉన్నాయి. ఆ పేర్లు ఇక్కడి జనం నోటినుంచి వచ్చినవే.

ఇప్పుడు ఫోన్లో ఫోటో కొడితే యాప్ పేరు చెబుతోంది కదా అంటారా? వాడండి, తప్పేముంది. కానీ దానికి ఆకు నలిపి వాసన చూడడం రాదు, తుంచి పాలొస్తాయో లేదో చూడడం రాదు, ఫాల్గుణందాకా ఆగి మోదుగ పూసిందో లేదో చూసే ఓపికా లేదు. అవన్నీ మీకు వచ్చు.

కాబట్టి ఒక చిన్న మనవి. వచ్చే చవితికి కట్ట కొనకుండా, కనీసం ఒక్క పత్రి మీరే వెతికి తెచ్చుకోండి. అది ఆ చెట్టుదే అనడానికి ఆకు కాక ఇంకో రుజువు చూపమని పిల్లలు అడిగితే, చూపించండి.