ముడుచుకొనిపోవు రకము

డోలకువాడు కోపిష్ఠి, హార్మోనియమువాడు గర్విష్ఠి అని మీ పాటల జట్టునకు మీరును ముద్రలు వేసితిరా? నేను వేసితిని. మా ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో తాళములు వాయించు యువకుడొకడు ముడుచుకొనిపోవు రకమని తలంచి, మూడేండ్లు అతనిచేత ఒక్క చరణమైనను పాడింపలేదు. ఇప్పుడైతే మనుష్యులను పదహారు రకములుగా విభజించు పట్టికలే యున్నవి. ఏ గాయకుడు ఏ రకమో అందులో వెదకుచున్నారు!

ఇంగ్లండు బీటిల్స్ బృందములోని నలుగురిలో జార్జి హారిసన్‌కు పత్రికలవారు "మౌని" యని పేరు పెట్టిరి. ఆ మౌనియే 1971 ఆగస్టు 1న రవిశంకరుతో కలిసి, బంగ్లాదేశ్ శరణార్థుల నిమిత్తము న్యూయార్కులో రెండు కచేరీలు జరిపించెను.

ఇది తెలిసిన తరువాతి ఆదివారము, "తమ్మీ, నీకే కీర్తన ఇష్టం?" అని అడిగితిని. పుస్తకము తెరువకయే నాలుగు చరణములు పాడెను. తాళము నేను వేసితిని; రెండుచోట్ల తప్పితిని.