చూపుడు వేలికి 14 శాతం

చెత్త బండి ఈల వినపడి డబ్బా పట్టుకుని కిందికి దిగితే, రోజూ వచ్చే ఆయన లేడు. ఎవరో కుర్రాడు.

"మామ చెయ్యి బండి వెనక డోర్లో పడిందండీ. వేలు తీసేశారు."

కుడి చేతి చూపుడు వేలు. కాంట్రాక్టరు ఆసుపత్రి ఖర్చులకని కొంత చేతిలో పెట్టి, తగ్గాక రమ్మన్నాడట.

ఈఎస్‌ఐ ఉందా అంటే, "జీతంలో కోస్తారండీ, కార్డు మాత్రం చూళ్లేదు" అన్నాడు.

ఇక ఆఫీసు పని సాగలేదు, చట్టం తిరగేస్తూ కూర్చున్నా.

1923 నాటి పరిహార చట్టంలో ఓ పట్టిక ఉంది (ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది లెండి). ఏ వేలు పోతే సంపాదించే శక్తి ఎంత పోయినట్టో అందులో రాశారు.
బొటనవేలు 30 శాతం.
చూపుడు వేలు మొత్తం పోతే 14.
చిటికెన వేలు 7.
రైతుబజారు ధరల బోర్డు చదివినట్టుంది!

సరే, ఆ లెక్కైనా చేతికి రావాలి కదా. కాంట్రాక్టరు మనిషే అయినా, పని అప్పగించిన సంస్థ నుంచీ పరిహారం అడగొచ్చు. అది కట్టి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. ఈఎస్‌ఐలో పేరుంటే దారి వేరు: కోలుకునే దాకా జీతంలో సుమారు 90 శాతం, ఆపైన నష్టాన్ని బట్టి నెలనెలా పింఛను, అన్నీ వాళ్లే ఇవ్వాలి.

ఇంతకీ ఆయన పేరు ఏ రిజిస్టర్లోనైనా ఉందా?

లేబర్ ఆఫీసులో ఇలాంటి కేసు నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు ఏ కాగితం పట్టుకెళ్లాలో కామెంట్లో చెప్పండి. కుర్రాడి నంబరు తీసుకున్నా.