చార్మినార్ నీడలో అమెరికా కబుర్లు

శ్రీమంతానికి గాజులంటే లాడ్ బజారు గాజులే ఉండాలని మా వియ్యపురాలి పట్టుదల. "లాల్ దర్వాజ ఆడపిల్లకు ఇంకేడి గాజులు తొడుగుతరు వదినె? ఆదివారం కలిసి పోదాం రా" అంది ఫోన్లో. ఆవిడ ఫోన్ చెయ్యడమే నాకు పెద్ద పండగ. ఎందుకంటే అప్పటికి దాదాపు రెండు నెలలుగా మా మధ్య మాటల్లేవు. మాటలు పోయింది లాంఛనాల దగ్గరా కాదు, మర్యాదల దగ్గరా కాదు. నమ్మండి, అమెరికా రాజకీయాల దగ్గర!

2025 సెప్టెంబరు 19న అక్కడి అధ్యక్షుడు ట్రంప్ కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టాలని ఉత్తర్వు ఇచ్చారు. మన డబ్బులో 88 లక్షల దాకా! ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదని తర్వాత తేలిందిగానీ, ఆ రెండ్రోజులూ మాకు అన్నం సయించలేదు. దసరాకి వస్తామన్న పిల్లలు టికెట్లు రద్దు చేసుకున్నారు. సరిగ్గా అప్పుడే, పాతికేళ్ళుగా న్యూజెర్సీలో ఉండి అక్కడి పౌరుడైపోయిన మా బావగారు ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క పెట్టారు. "ఎవరి దేశంలో ఉద్యోగాలు ముందు వాళ్ళకే ఉండాలి. ఇందులో తప్పేముంది?" అని. మా వియ్యపురాలు మారు మాట్లాడకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయింది. నేను బావగారిని ఏమీ అనలేదు. అదే ఆవిడకి మరీ కష్టం కలిగించింది.

నవంబరులో ఒక ఆదివారం ఇద్దరం ఎం.జి.బి.ఎస్. మెట్రో దగ్గర కలుసుకుని ఆటో ఎక్కాం. నయాపూల్ మీద మూసీ దాటుతుంటే కుడివైపు ఎర్రరాతి హైకోర్టు కనిపించింది. దాని దగ్గరే ఉన్న సిటీ కాలేజీ చూడాలంటూ ఆవిడ ఆటోని ఆ దోవలో పోనిమ్మంది. గేటు ముందు ఒక్క నిమిషం ఆపించింది.

"మా నాయన ఈడనే చదివిండు వదినె. 1952ల ముల్కీ లొల్లి అయినప్పుడు జులూస్‌ల ఉన్నడు. 'నాన్ ముల్కీ గో బ్యాక్' అని మస్తు అరిసినమని మాకు చెప్తుండె."

ముల్కీ అంటే స్థానికుడు. హైదరాబాద్ సంస్థానంలో కొలువులకి పదిహేనేళ్ళు ఇక్కడ నివాసం ఉండాలని నిజాం కాలంలోనే నియమం ఉండేది. 1948 పోలీసు చర్య తర్వాత బయటివాళ్ళు వచ్చి ఉద్యోగాల్లో చేరుతున్నారని, మా పిల్లల నోటికాడి కూడు పోతోందని ఇక్కడి విద్యార్థులు కదిలారు. 1952 సెప్టెంబరు 3న ఈ సిటీ కాలేజీ దగ్గరే పోలీసు కాల్పులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. ఆ బాధే 1969లో మళ్ళీ లేచింది. చివరికి 2014లో వేరే రాష్ట్రం వచ్చేదాకా సాగింది.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే మా మామగారు 1957లో గుంటూరు నుంచి ఇక్కడికి ఉద్యోగానికొచ్చిన మనిషి. నాన్ ముల్కీ! ఆవిడే మళ్ళీ అంది. "మీ బావగారు అన్న మాట, మా నాయన అన్న మాట ఒక్కటే గద వదినె. అప్పుడు మా నాయనది న్యాయమన్న. ఇప్పుడు నా బిడ్డ దాక వచ్చేసరికి గదే మాట ముల్లు లెక్క గుచ్చుకుంది. రెండు నెలలు గిదే ఆలోచన."

చూశారా, అమెరికా ఎంత దూరమో అనుకుంటాం. దాని తగాదా మన మూసీ ఒడ్డున డెబ్భై ఏళ్ళ క్రితమే జరిగింది.

పత్తర్‌గట్టి రాతి కమానుల పక్కనుంచి, గుల్జార్ హౌజ్ దాటి చార్మినార్ చేరాం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఈ కట్టడానికి నాలుగు దిక్కులా నాలుగు కమానులు. ఏ వైపు నుంచి వచ్చినవాళ్ళకైనా ఎదురుగా ఒక వాకిలి! దాని పడమటి పక్కనే లాడ్ బజారు.

ఇక్కడి లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొగ్గుల మీద లక్కని మెత్తబరిచి, సన్నగా సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయీ చేత్తో అద్దుతారు. మేం ఆకుపచ్చ మట్టిగాజులు రెండు డజన్లు, రాళ్ళ లక్కగాజులు ఒక జత తీసుకున్నాం. వెయ్యి చెబితే ఆరొందలకి తెమిల్చింది మా వియ్యపురాలు. ఆ విద్య నాకెప్పుడొస్తుందో!

"అమెరికాకా అమ్మా? దూది పెట్టి డబ్బాల ప్యాక్ చేస్తా" అన్నాడు పెద్దాయన. పార్సిల్ అనగానే మాకు దిగులే. సుంకాల మార్పులవల్ల 2025 ఆగస్టు చివర మన తపాలా శాఖ అమెరికా పార్సిళ్ళు ఆపేసింది. మళ్ళీ తీసుకోవడం మొదలైంది అక్టోబరు 15న. అంతకుముందు చవక సామాన్లకి అక్కడ పన్ను ఉండేది కాదు. ఎనిమిది వందల డాలర్ల లోపు సరుకుకి ఉన్న ఆ సడలింపు ఆగస్టు 29తో పోయింది. నేను కట్టిన సున్నిండలు ఆ మధ్యలో ఇంట్లోనే ఉండిపోయి చివరికి మేమే తిన్నాం.

ఆ పెద్దాయన తమ్ముడు చికాగోలో ఉంటాడట. "2024 ఎలక్షన్ల తమ్ముడు ఒక పార్టీకి, వాని కొడుకు ఇంకో పార్టీకి ఓటు వేసిండ్రు. ఓటు అలగ్ అలగ్, దస్తర్‌ఖాన్ మాత్రం ఒక్కటే" అని నవ్వాడు. ఇంతలో పక్క షాపాయన అందుకున్నాడు. "మన మలక్‌పేట అమ్మాయి అక్కడ గెలిచింది, చూశారా?" అని. నిజమే. హైదరాబాదులో పుట్టి, చిన్నప్పుడు మలక్‌పేటలో తాతగారింట పెరిగిన గజాలా హష్మీ 2025 నవంబరు 4న వర్జీనియా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికైంది. అక్కడ ఆ పదవికి జనమే ఓటేస్తారు. మేరీల్యాండ్‌లో 2023లో అదే పదవి చేపట్టిన అరుణా మిల్లర్ కూడా హైదరాబాదులో పుట్టినావిడే. ఆ ఇద్దరూ డెమొక్రాట్లు. మరి అవతలి రిపబ్లికన్ పక్షంలో ఉపాధ్యక్షుడు వాన్స్ గారి భార్య ఉష తల్లిదండ్రులు మన తెలుగువాళ్ళే. మనవాళ్ళు రెండు పక్షాల్లోనూ ఉన్నారు. మనం ఎవరితో అలగాలి చెప్పండి?

హెచ్-1బి సంగతీ అంతే. 1990 చట్టంతో వచ్చిన ఈ వీసాలు ఏటా 65 వేలు, అక్కడ పైచదువు చదివినవాళ్ళకి ఇంకో 20 వేలు. మంజూరైనవాటిలో పదింట ఏడు మనవాళ్ళవే. 2024 డిసెంబరులో ట్రంప్ పక్షంలోనే ఉన్న మస్క్ ఈ వీసాలు కావాలన్నాడు. అవతలి వైపు కూర్చునే సెనేటర్ బెర్నీ శాండర్స్, కంపెనీలు చవక జీతాలకోసం వీటిని వాడుకుంటున్నాయని విమర్శించాడు. అంటే పార్టీ పేరు చూసి మనిషి మనసు చెప్పలేం.

కాళ్ళు పీకుతుంటే ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ ఆవిడ అంది. "మీ బావగారికి ఫోన్ కలుపు వదినె. కొట్లాటకు కాదు. ఎందుకట్ల అన్నడో అడుగుత."

అక్కడ అర్ధరాత్రి దాటింది. అయినా ఎత్తారు. ఆవిడ నెమ్మదిగా, "అన్నయ్యా, నా బిడ్డ సంగతి పక్కన పెట్టు. నీకెందుకు గట్ల అనిపిస్తది?" అంది. కాసేపు అటునుంచి మాటే లేదు. తర్వాత చెప్పారు. పదిహేనేళ్ళ క్రితం ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారట. వెళ్ళేముందు, తక్కువ జీతానికి వీసా మీద వచ్చిన కుర్రాళ్ళకి తన పని తానే నేర్పించాలట. ఇంటి వాయిదాలు కట్టలేక ఎనిమిది నెలలు అవస్థ పడ్డారట. "మీకెవరికీ చెప్పలేదమ్మా, పరువని" అన్నారు. మా తోడికోడలు కూడా ఏనాడూ నోరు విప్పలేదు.

అప్పుడు ఈవిడ తన భయం చెప్పింది. 2025 జనవరి 20 నాటి మరో ఉత్తర్వు ప్రకారం, తల్లి తాత్కాలిక వీసా మీదుండి, తండ్రి కూడా పౌరుడో గ్రీన్ కార్డుదారుడో కాకపోతే, అక్కడ పుట్టిన బిడ్డకి పౌరసత్వం రాదు. కానీ అక్కడి రాజ్యాంగంలో 1868 నాటి పద్నాలుగో సవరణ ఉంది. బానిసత్వం పోయాక నల్లవారి పిల్లలకోసం తెచ్చిన ఆ సవరణతో, పుట్టిన గడ్డే పౌరసత్వమన్న మాట స్థిరపడింది. మేం మాట్లాడుకున్న నాటికి కోర్టులు ఆ ఉత్తర్వుని ఆపి ఉంచాయి. "బిడ్డ విషయంలో నేను మీ వైపేనమ్మా" అన్నారు బావగారు. వీసాల మాట మీద మాత్రం ఆయన మారలేదు. ఈవిడా మారలేదు. అయినా ఫోన్ పెట్టేసరికి ఇద్దరూ మళ్ళీ అన్నాచెల్లెళ్ళయ్యారు.

ఆ రాత్రే ఆవిడ మళ్ళీ గ్రూపులో చేరింది. గాజులు పంపిన రెండు వారాలకి, చేతులనిండా గాజులతో కోడలి ఫోటో వచ్చింది. పక్కనే పసుపు గిన్నె పట్టుకుని మా తోడికోడలు, వెనకాల బావగారు! మూడు గంటలు కారు నడుపుకుని వచ్చారట.

ఎవరైనా మనకి నచ్చని మాట అన్నప్పుడు, మనం ముందుగా "నువ్వెవరి పక్షం?" అంటాం. "నీకెందుకలా అనిపించింది?" అని అడగడానికి నాకు రెండు నెలలూ, ఒక లాడ్ బజారు ప్రయాణమూ పట్టాయి. మీ ఇంట్లోనూ ఇలాంటి గ్రూపు అలకలుంటే, ఒక్క ఫోన్ చేసి చూడండి.

వెళ్ళేవాళ్ళకి చిన్న మాట: శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు దగ్గర నమాజు రద్దీ ఉంటుంది, ఆ రోజు చౌమహల్లా ప్యాలెస్ కూడా సెలవు. వేరే రోజు పొద్దున్నే వెళ్ళండి. చేతి కొలతకి పాత గాజు ఒకటి వెంట తీసుకెళ్ళండి. లక్కగాజులు పొయ్యి దగ్గరా, వేడినీళ్ళలోనూ పెట్టకండి, రాళ్ళు ఊడిపోతాయి.