ఇంగ్లీషు వచ్చినవారికి మరల ఇంగ్లీషు చదువేల?

గడచిన వేసవిలో మా యింట నొక చర్చ పుట్టినది. మా యాడుబిడ్డ ఇంగ్లీషులో ఎం.ఏ. పట్టము పుచ్చుకొని, మూడేండ్లుగా పట్టణములోని యొక నర్సుల శిక్షణ కళాశాలలో ఇంగ్లీషు చెప్పుచున్నది. ఆమె యొకనాడు భోజనములవేళ, "అన్నయ్యా, నాకు మరల నొక ఎం.ఏ. చదువవలెనని యున్నది. ఆయా వృత్తులవారికి కావలసిన ఇంగ్లీషును ఎట్లు నేర్పవలెనో చెప్పు చదువది. ఇంగ్లండులోని యొక విశ్వవిద్యాలయమువారు చోటిచ్చెదమని వ్రాసినారు. ఒక్క సంవత్సరమే" అని మెల్లగా ననెను.

మా యత్తగారు వడ్డించుచున్న గరిటె యాపి, "ఇంగ్లీషు వచ్చినదానవు, మరల ఇంగ్లీషు చదువేమే? నీ పెండ్లికని దాచిన సొమ్ము సముద్రములో పోయుదువా?" అనిరి. మావారు పదునెనిమిదేండ్లుగా ఉన్నతపాఠశాలలో ఇంగ్లీషు చెప్పుచున్న మాస్టరు. వారు కోపపడలేదు కాని నొచ్చుకొనిరి. "వ్యాకరణము, పఠనము, వ్యాసము చక్కగా నేర్పినచో నర్సయిన నేమి, నావికుడైన నేమి, ఎవరికి కావలసినది వారు మాటలాడుకొనలేరా?" అనిరి. ఆమెకు నచ్చజెప్పు పని మాకు అప్పగింపబడెను. దాచనేల? మాకును అప్పుడు వారి పక్షమే న్యాయమని తోచినది.

ఆ రాత్రి పెరటి అరుగుపై మేము మాట యెత్తినంతనే ఆమె లోనికి పోయి యొక కాగితము తెచ్చి మా చేతి కిచ్చెను. అది ఆమె శిష్యురాలగు నొక నర్సు అభ్యాసమునకై వ్రాసిన జాబు. విదేశములలో ఉద్యోగము కోరు వైద్యులకు, నర్సులకు ఆక్యుపేషనల్ ఇంగ్లీష్ టెస్ట్ అను పరీక్ష కలదు. అది 1980ల చివర ఆస్ట్రేలియాలో రూపొందినది. బ్రిటనులో నర్సులను నమోదు చేయు సంస్థయు 2017 నుండి దానిని అంగీకరించుచున్నది. అందు ఒక రోగి వివరముల నిచ్చి, చదువుటకు 5 నిమిషములు, వ్రాయుటకు 40 నిమిషములు గడువుపెట్టి, 180 నుండి 200 మాటలలో జాబు వ్రాయు మందురు. నర్సులకు వచ్చు జాబు తరచుగా, ఆ రోగిని ఇకమీద చూడబోవు మరియొకరికి ఆమెను అప్పగించుచు వ్రాయునది.

"చూడు వదినా, ఇందులో నొక్క వ్యాకరణదోషమైనను లేదు. ఎఱ్ఱసిరాతో 'చాల బాగున్నది' అని వ్రాసినది నేనే. ఈ పిల్ల రెండుమారులు పరీక్షకు పోయి, రెండుమారులును వ్రాతలోనే తప్పినది" అనెను. కారణమేమని యడిగితిమి. "రోగికి పదేండ్లక్రిందట జరిగిన శస్త్రచికిత్స మొదలుకొని అన్నియు వరుసగా వ్రాసినది. పుండునకు కట్టు ఎన్నాళ్ళకొకమారు మార్చవలెనో, ఏ మందు పడదో, అది కడపటి పంక్తిలో నున్నది. రేపు ఆ రోగిని చూడబోవు నర్సు మొదట వెదకునది అదే కదా! నేను వ్యాసము నేర్పితిని. ఆమెకు కావలసినది జాబు. ఆమె కట్టిన రుసుము పోయినది, ఏడాది పోయినది. ఆ తప్పు ఆమెది కాదు, నాది" అని కన్నీరు తుడుచుకొనెను.

మాకు బాల్యమున మా తండ్రిగారు చెప్పిన పాఠము జ్ఞప్తికి వచ్చినది. మేము బడికి పోయినవారము కాము. అమరమును, కావ్యములును ఇంటనే చదివితిమి. ఒక మాటకు అర్థము సందర్భమునుబట్టి తేలునని చెప్పుటకు మన పూర్వులు సైంధవ శబ్దమును చూపుదురు. సింధుదేశపు టుప్పునకును, ఆ దేశపు గుఱ్ఱమునకును అదే పేరు. భోజనమునకు కూర్చున్న యజమానుడు సైంధవము తెమ్మన్నచో ఉప్పు తేవలెను. ప్రయాణమునకు సిద్ధమై తెమ్మన్నచో గుఱ్ఱమును తేవలెను. నిఘంటువు రెండర్థములును చెప్పును గాని, ఎప్పుడు ఏది తేవలెనో చెప్పదు.

ఆస్పత్రిలోని ఇంగ్లీషును ఇట్టిదే. డిశ్చార్జి యనగా రోగిని ఇంటికి పంపుట. పుండునుండి కారు రసియు డిశ్చార్జియే. పాజిటివ్ అనునది లోకమున మంచిమాట. రోగపరీక్షలో అదే మాట వచ్చినచో ఇల్లంతయు దిగులుపడును. ఇట్లు చూడగా, ఆమె కోరు చదువు ఇంగ్లీషునకు పైమెఱుగు కాదనియు, సైంధవ మెప్పుడు ఉప్పో ఎప్పుడు గుఱ్ఱమో తెలిసికొను విద్య యనియు మాకు బోధపడెను.

ఈ శాస్త్రము మరీ పురాతనమైనది కాదు. 1960ల నుండి, విజ్ఞానశాస్త్రములకును వృత్తులకును ఇంగ్లీషు అవసరమైనవారు నానాదేశములలో పెరుగుటచేత ఇది తలయెత్తినది. 1978లో జాన్ మన్బీ అను నాయన, విద్యార్థి ఎవరితో, ఎచ్చట, ఏ పనికి మాటలాడవలెనో విచారించి పాఠ్యక్రమమును కట్టు పద్ధతిని గ్రంథముగా వ్రాసెను. 1987లో టామ్ హచిన్సన్, అలన్ వాటర్స్ అనువారు విద్యార్థి యవసరములను మూడుగా విభజించిరి: పని కోరునది, అతనికి కొఱవడినది, అతడు తానై కోరునది. 1990లో జాన్ స్వేల్స్ అను పండితుడు, పరిశోధనవ్యాసముల పీఠికలలో రచయితలు ఏ క్రమమున ఏ మాట చెప్పుదురో విప్పి చూపెను. మన మహాకావ్యమునకు అష్టాదశ వర్ణనలున్నట్లే, ఆస్పత్రి జాబునకును దాని యంగములు, దాని క్రమము కలవన్నమాట.

మరునాడు మావారికి ఈ సంగతి చెప్పగా, "ఒక జాబు తప్పినంతమాత్రమున నింత శాస్త్రమా?" అనిరి. అప్పుడు మా యాడుబిడ్డ విమానపు కథ చెప్పెను. 1990 జనవరిలో కొలంబియానుండి న్యూయార్కునకు వచ్చిన విమానమొకటి ఆకాశముననే చాలసేపు నిలుపబడి, ఇంధనము తఱిగిపోయి కూలినది. 73 మంది మరణించిరి. ఇంధనము అయిపోవుచున్నదని విమానమువారు ఇంగ్లీషులో చెప్పనే చెప్పిరి. కాని ఆపద ముంచుకొని వచ్చినదని క్రింది యధికారులు వెంటనే గ్రహించుటకు ఏర్పడిన "ఎమర్జెన్సీ" అను మాటను పలుకలేదు. చెప్పిన వాక్యము తప్పు కాదు, చాలినది కాదు. అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ విమానచోదకులకు, క్రిందనుండి దారి చెప్పువారికి భాషాసామర్థ్యపు నియమములను విధించి 2008 మార్చి నుండి అమలుపఱచినది. మావారు బదులు చెప్పక వార్తాపత్రికను మడిచి ప్రక్కన నుంచిరి.

ఆ వారములోనే మా పొరుగింటి నర్సమ్మ సెలవుదినమున వచ్చినది. మా యాడుబిడ్డ మమ్ము ముందుగదిలోని మంచముపై కూర్చుండబెట్టి, "వదినా, నీ బిడ్డకు మూడునాళ్ళుగా జ్వరము. నీకు భయము. అంతే" అనెను. పైన చెప్పిన పరీక్షలోను ఇట్లే ఒకరు రోగిగానో, రోగి బంధువుగానో నటింపగా, అయిదేసి నిమిషముల సంభాషణలు రెండు జరుగునట. మేము తెలుగుననే మా భయమును చెప్పుకొంటిమి. నర్సమ్మ మందుమాట మొదట నెత్తలేదు. మా పేరడిగి, బిడ్డ పేరడిగి, "మీకు అన్నిటికంటె ఏది భయముగా నున్నదమ్మా?" అని యడిగినది. నటనయే యైనను మా గొంతు పూడుకొనెను. మా యాడుబిడ్డ ఒక మూల కూర్చుండి ఆ ప్రశ్నలను, ఓదార్పులను, వాని వరుసను వ్రాసికొనుచుండెను. పంతులమ్మ శిష్యురాలైనది. ముందు ఆ పని యెట్లు జరుగునో చూచి, పిమ్మట దానికి కావలసిన ఇంగ్లీషును ఏర్చికూర్చవలెనట. ఆ పై చదువులో అవసరములను పరిశీలించుట, వృత్తులవారి వ్రాతలను మాటలను శోధించుట, పాఠములు కట్టుట, పరీక్షలు కూర్చుట, తుదకు స్వయముగా నొక పరిశోధన గ్రంథము వ్రాయుట ఇత్యాదు లుండును.

మావారు వాకిట కుర్చీలోనుండి అంతయు చూచిరి. రాత్రి వారు, "మన హైదరాబాదులో ఇంగ్లీషు బోధనమునకై 1958లో వెలసిన కేంద్రసంస్థ, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది, ఇప్పుడును ఉన్నదిగదా. అచ్చట చదువరాదా?" అని యడిగిరి. "మంచిదే యన్నయ్యా. కాని నా పిల్లలు పోయి పనిచేయునది ఆ దేశపు ఆస్పత్రులలో. అచ్చటివారు ఎట్లు మాటలాడుదురో చెవులార వినినగాని వచ్చి చెప్పలేను" అని ఆమె యనెను. మావారు కొంత తడవూరకుండి, "నేను బడిలో పునాది వేయుచున్నాను. ఏ యిల్లు కట్టుకొందురని ఏ పిల్లవానిని అడిగినవాడను కాను" అనిరి. పెండ్లి సొమ్ము ముట్టక, బ్యాంకు విద్యాఋణమునకు తాము పూచీపడి సంతకము చేసిరి. మా యత్తగారికి ఇప్పటికిని సమాధానము లేదు. "అప్పు చేసి చదివిన చదువు అప్పు తీర్చునా?" అని యడుగుచున్నారు. ఆ ప్రశ్నకు మాయొద్ద జవాబు లేదు. అది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్నయు కాదు.

సోదరీమణులారా! మన యాడుపిల్లలు నేర్చినదానినే మరల నేర్చెదమన్నప్పుడు, చాలదాయని యడుగుట సులభము. ఎవరికొరకు నేర్చెదవని కూడ నొకమారు యడుగుడు. మేము ఆ మాట ముందుగా అడుగనందుకు సిగ్గుపడుచున్నాము.

భాద్రపదమున ఆమె ప్రయాణము. నిన్న పెట్టె సర్దుచుండగా, చీరల నడుమ ఆ జాబు, ఎఱ్ఱసిరా వ్రాతతో నట్లే, కనబడినది. ఇది యెందుకమ్మా యని యడిగితిమి. "అక్కడ మొదటి పాఠమునాడు నా ముందుండవలెను వదినా" అని, మడత చెడకుండ మరల లోపల పెట్టుకొనెను.