కొండల్లో మళ్లీ ఇంజిన్ల మోత

ఒకప్పుడు ఏటా రెండుసార్లు ఆ ఊరు కార్ల మోతతో దద్దరిల్లేది. తర్వాత పిచ్చిమొక్కలు మొలిచాయి. అయినా జనం ఆ ట్రాక్‌నీ, తమ చిన్నప్పటి డ్రైవర్లనీ మరిచిపోలేదు. అమెరికాలోని నార్త్ విల్క్స్‌బరో కథ ఇది!

అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రానికి పెద్ద నగరం షార్లట్. బ్యాంకులూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలూ ఉన్న చోటు కాబట్టి మనవాళ్లూ అక్కడ బాగానే ఉన్నారు. ఆ నగరం నుంచి ఉత్తరంగా కారులో ఓ గంటన్నర వెళితే నేల మెల్లగా మిట్టెక్కుతుంది. దూరంగా నీలిరంగులో బ్లూ రిడ్జ్ కొండలు. వాటి పాదాల దగ్గర, యాడ్కిన్ నది ఒడ్డున నార్త్ విల్క్స్‌బరో. జనాభా నాలుగువేల పైచిలుకు. చుట్టుపక్కల ఆపిల్ తోటలు, కోళ్ల ఫారాలు. చూడ్డానికి మామూలు ఊరే. కానీ అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో అరవై దాటిన పెద్దాయన ఎవరి దగ్గరైనా ఆ పేరెత్తి చూడండి... పదేళ్ల పిల్లాడైపోతాడు!

కారణం, ఊరి బయట హైవే పక్కన ఉన్న కార్ల పందెం ట్రాక్. 1947 మే 18న అక్కడ మొదటి పందెం జరిగింది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఆ ట్రాక్ చుట్టుకొలత మైలులో ఎనిమిదింట అయిదు వంతులు... అంటే మన లెక్కలో దాదాపు ఒక కిలోమీటరు. విచిత్రం ఏంటంటే అది సమతలంగా ఉండదు. స్టాండ్ల ముందు దారి పల్లానికి దిగుతుంది. అవతలి పక్కన మళ్లీ మిట్టెక్కుతుంది. అదేదో గొప్ప ఇంజినీరింగ్ అనుకుంటే పొరపాటే. ఎనాక్ స్టేలీ అనే స్థానికుడూ ఆయన భాగస్తులూ కలిసి నేల చదును చేయిస్తుంటే మధ్యలోనే డబ్బులైపోయాయట. సరే, ఉన్నదాంతోనే కానిద్దాం అనుకున్నారట. అలా కుదిరిన ఆ వాలే తర్వాత ఆ ట్రాక్‌కి గుర్తింపుగా మారింది. దిగేటప్పుడు బండిని అదుపులో పెట్టాలి, ఎక్కేటప్పుడు ఇంజిన్‌ని పిండాలి. అది తెలిసినవాడే అక్కడ నెగ్గేవాడు.

నాటుసారా నేర్పిన డ్రైవింగ్

ఈ పందేలకి 'స్టాక్ కార్ రేసింగ్' అని పేరు. స్టాక్ అంటే షోరూమ్‌లో అమ్మకానికి ఉన్న సరుకు. ప్రత్యేకంగా తయారుచేసిన రేసు బండి కాకుండా నలుగురూ కొనుక్కునే మామూలు కారుతోనే పోటీ పడటం దీని మొదటి నియమం. మరి మామూలు కారుని మెరుపులా నడపడం ఈ కొండజనానికి ఎవరు నేర్పారు? సమాధానం ఒక్కటే... నాటుసారా!

విల్క్స్ కౌంటీలో పంటలు అంతంతమాత్రం. మొక్కజొన్న అమ్మితే వచ్చేది చిల్లర. అదే మొక్కజొన్నతో సారా కాస్తే నాలుగు డబ్బులు. పన్ను కట్టకుండా రాత్రిపూట, వెన్నెల్లో కాస్తారు కాబట్టి దానికి 'మూన్‌షైన్' అని పేరొచ్చింది. అడవుల్లో బట్టీలు పెట్టడం ఒక ఎత్తు. సరుకుని పట్నం చేర్చడం మరో ఎత్తు. దారిలో పన్నుల శాఖవాళ్లు కాపు కాసేవాళ్లు. అందుకని కుర్రాళ్లు పాత ఫోర్డ్ కార్లు కొని ఇంజిన్లు మార్చేవాళ్లు. సీసాల బరువుకి వెనక భాగం కుంగిపోకుండా గట్టి స్ప్రింగులు బిగించేవాళ్లు. లైట్లు ఆర్పేసి, మట్టిరోడ్ల మీద కొండ మలుపులు తిప్పేవాళ్లు. వారమంతా ఇలా పరుగులు తీసేవాళ్లకి ఆదివారం వచ్చేసరికి ఒక ప్రశ్న తలెత్తేది: 'మనలో ఎవడి బండి గట్టిది?' తేల్చుకోవడానికి ముందు పొలాల్లో పందేలు మొదలయ్యాయి. తర్వాత ట్రాకులు వెలిశాయి.

బిల్ ఫ్రాన్స్ అనే ఆయన ఈ గందరగోళానికి ఒక పద్ధతి తేవాలని 1947 డిసెంబరులో డేటోనా బీచ్‌లోని ఓ హోటల్లో కొందరిని కూర్చోబెట్టి మాట్లాడాడు. అలా పుట్టిందే 'నాస్కార్' సంస్థ. షోరూమ్ కార్లతో దాని మొదటి పోటీ 1949 జూన్ 19న షార్లట్‌లో జరిగింది. గ్లెన్ డనవే ముందుగా గీత దాటాడు. తీరా కారు తనిఖీ చేస్తే వెనక స్ప్రింగుల్లో మార్పులు కనిపించాయి. అది సారా మోసే బండి! బహుమతి వెనక్కి తీసుకుని రెండోవాడైన జిమ్ రోపర్‌కి ఇచ్చారు. ఆ ఏడాది ఆఖరి పోటీ జరిగింది మాత్రం నార్త్ విల్క్స్‌బరోలోనే. నెగ్గింది బాబ్ ఫ్లాక్. ఆయన అన్నదమ్ములదీ సారా రవాణా కుటుంబమే.

నాగలి వదిలి... స్టీరింగ్ పట్టి

ఇంతమందిలో విల్క్స్ జనం 'మావాడు' అని చెప్పుకునేది జూనియర్ జాన్సన్‌ని. 1931లో ఇదే కౌంటీలో పుట్టాడు. తండ్రిది సారా వ్యాపారం. ఓరోజు చెప్పుల్లేని కాళ్లతో కంచరగాడిదని కట్టి పొలం దున్నుతుంటే అన్న వచ్చి, 'ట్రాక్ దగ్గర పందెముంది, నా కారు నడుపుతావా?' అని అడిగాడట. నాగలి అక్కడే వదిలేసి వెళ్లిపోయాడట. పెద్దయ్యాక జాన్సనే చెప్పిన కథ ఇది.

పోలీసుల నుంచి తప్పించుకోవడంలో అతని తర్వాతే ఎవరైనా. వేగంగా వెళ్తూనే కారుని ఉన్నచోట వెనక్కి తిప్పి, తరుముతున్నవాళ్లకి ఎదురెళ్లి మాయమయ్యే విద్యకి అతనే గురువని చెప్పుకుంటారు. రోడ్డు మీద ఒక్కసారి కూడా దొరకలేదు. 1956లో దొరికాడు... కానీ కారులో కాదు. తండ్రి బట్టీ దగ్గర నిప్పు రాజేయడానికి వెళ్లి, కాలినడకన ఉండగా! పదకొండు నెలలు ఓహాయోలోని జైల్లో ఉన్నాడు. మూడు దశాబ్దాల తర్వాత, 1986లో అధ్యక్షుడు రీగన్ ఆయనకి క్షమాభిక్ష ఇచ్చాడు. ఎన్ని ట్రోఫీలున్నా ఆ కాగితాన్ని జాన్సన్ ఎంతో అపురూపంగా చెప్పుకునేవాడు.

బుర్ర కూడా అమోఘం. 1960 డేటోనా 500 పోటీలో జాన్సన్ షెవ్రొలే కారు మిగతావాళ్ల పాంటియాక్‌ల ముందు చాలా నెమ్మది. కానీ ఒక వేగమైన కారు వెనక అతుక్కుని వెళితే తన కారు కూడా అంతే జోరుగా పోతోందని ఆయన కనిపెట్టాడు. లారీ వెనకే సైకిల్ తొక్కినవాళ్లకి ఈ కిటుకు తెలిసే ఉంటుంది. గాలినంతా ముందు బండే చీలుస్తుంది, మనది సుఖప్రయాణం. ఆ కిటుకుతోనే జాన్సన్ గెలిచేశాడు. ఈ రోజుకీ పెద్ద ట్రాకుల మీద డ్రైవర్లు ఆధారపడేది దానిమీదే. డ్రైవర్‌గా 50 పోటీలు నెగ్గి, తర్వాత జట్టు యజమానిగా ఆరు చాంపియన్‌షిప్‌లు సాధించి, 2019 డిసెంబరులో 88 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

మనదగ్గర ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానుల మధ్య వాదాలు నడిచినట్టే అక్కడ ఫోర్డ్ ఇళ్లూ షెవ్రొలే ఇళ్లూ ఉండేవి. నాన్న కారు ఏదైతే పిల్లల ఓటు దానికే. కొందరికి రిచర్డ్ పెటీ దేవుడు. మొత్తం 200 విజయాలు, ఏడు చాంపియన్‌షిప్‌లు. 1967లో వరసగా పది పోటీలు నెగ్గాడు. ఆ పదోది ఇక్కడే. ఈ ట్రాక్ మీద ఆయన గెలుపులు 15. ఇంకెవరికీ అన్ని లేవు. పోటీ అయ్యాక టోపీ, నల్లకళ్లద్దాలతో కంచె దగ్గర నిలబడి, అడిగిన పిల్లాడికల్లా ఓపిగ్గా సంతకం పెట్టేవాడు. ఆ సంతకంలో ఒక్కో అక్షరం వంకర్లు తిరుగుతూ ఎంత అందంగా ఉంటుందో!

తర్వాతి తరానికి డేల్ ఎర్న్‌హార్ట్. తువ్వాళ్ల మిల్లు ఊరైన కనాపొలిస్‌లో పుట్టిన కార్మికవాడ కుర్రాడు. నల్ల కారు, దానిమీద 3 అంకె. ముందున్నవాణ్ని కాస్త తగిలించయినా దాటిపోయే మొండి. ఆయన్ని ప్రేమించేవాళ్లు ఎందరో, తిట్టుకునేవాళ్లూ అందరే. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో ఆఖరి రౌండులో గోడకి గుద్దుకుని చనిపోతే తిట్టుకున్నవాళ్లూ ఏడ్చారు. ఆ చావు తర్వాతే తలనీ మెడనీ కాపాడే పరికరం తప్పనిసరి చేశారు. గోడలకి దెబ్బని మింగే అడ్డుకట్టలు కట్టారు. ఆ తర్వాత నాస్కార్ ప్రధాన పోటీల్లో ఇంకో డ్రైవర్ ప్రాణం పోలేదు. 'ఆ రోజులే వేరు' అని నిట్టూర్చే వాళ్లు ఈ లెక్క కూడా చూసుకోవాలి.

ఇంకో లెక్క కూడా ఉంది. వెండెల్ స్కాట్ అనే నల్లజాతి డ్రైవరుదీ అదే కథ. వర్జీనియాలో సారా బండి నడిపాడు, సొంత చేతుల్తో కారు బాగుచేసుకుని పోటీలకి వచ్చేవాడు. 1963 డిసెంబరు 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో గెలిచాడు. కానీ జెండా ఊపింది బక్ బేకర్ అనే తెల్లజాతి డ్రైవరుకి. జనమంతా వెళ్లిపోయిన కొన్ని గంటల తర్వాత లెక్క తప్పిందని ఒప్పుకున్నారు. అప్పటికి ట్రోఫీ లేదు, వేదిక లేదు. స్కాట్ 1990లో పోయాడు. ఆయన కుటుంబానికి ఆ ట్రోఫీ అందింది 2021లో! స్టాండ్లలో కాన్ఫెడరేట్ జెండాలు ఎగరేయడాన్ని నాస్కార్ 2020 దాకా నిషేధించలేదు. అందరి చిన్నతనమూ ఒకేలా తీపి కాదు మరి.

రెండు తేదీల బేరం

1971లో సిగరెట్ కంపెనీ డబ్బు వచ్చింది. టీవీలో సిగరెట్ ప్రకటనలు నిషేధించడంతో ఆ డబ్బు దారి వెతుక్కుంటోంది. ఆ దారి చూపించింది మన జూనియర్ జాన్సనే. పోటీల పేరు 'విన్‌స్టన్ కప్'గా మారింది. 1979లో డేటోనా 500ని మొదటిసారి మొదటి నుంచి చివరి దాకా ప్రత్యక్ష ప్రసారం చేశారు. ఆ రోజు తూర్పు రాష్ట్రాల్లో మంచు తుపాను, అంతా ఇళ్లలోనే. ఆఖరి రౌండులో ముందున్న ఇద్దరూ గుద్దుకుని, బురదలో దిగి కలబడ్డారు. మధ్యలోంచి పెటీ దూసుకెళ్లి గెలిచాడు. దేశమంతా నోరెళ్లబెట్టింది. ఆ తర్వాత ఈ ఆట దక్షిణాది ఊళ్లకి పట్టనంత పెద్దదైంది.

నార్త్ విల్క్స్‌బరో చిన్నదిగానే ఉండిపోయింది. ఎనాక్ స్టేలీ టికెట్ ధర పెంచడానికి ఇష్టపడే మనిషి కాదంటారు. ఆయన 1995లో పోయాడు. కొద్ది నెలల్లోనే సగం వాటా బ్రూటన్ స్మిత్, మిగతా సగం బాబ్ బారే కొనుక్కున్నారు. ఇద్దరికీ వేరే చోట పెద్ద ట్రాకులున్నాయి. వాళ్లకి కావాల్సింది ఈ నేల కాదు... ఏడాది క్యాలెండర్‌లో దీని పేరు మీదున్న రెండు తేదీలు. ఒకటి టెక్సస్‌కి, రెండోది న్యూ హాంప్‌షైర్‌కి వెళ్లిపోయాయి. 1996 సెప్టెంబరు 29న ఆఖరి పోటీ. గెలిచింది పాతికేళ్ల జెఫ్ గోర్డన్. దక్షిణాదివాడు కాడు. రెండోస్థానం ఎర్న్‌హార్ట్‌ది.

ఆ తర్వాత గేటుకి తాళం పడింది. ఊరికి దెబ్బ మీద దెబ్బ. ఇక్కడే పుట్టి దేశమంతా విస్తరించిన 'లోస్' హార్డ్‌వేర్ దుకాణాల సంస్థ కూడా 2003లో ప్రధాన కార్యాలయాన్ని మూర్స్‌విల్‌కి మార్చుకుంది. ట్రాక్ తారులో పగుళ్లు, పగుళ్లలో మొక్కలు. 2010లో ఎవరో మళ్లీ తెరిచారు, ఏడాది తిరక్కుండానే మూతపడింది. హైవే మీద వెళ్లేవాళ్లు తల తిప్పి చూసి, ఓ మాట అనుకుని వెళ్లిపోయేవాళ్లు.

గడ్డి కోసినవాడు

2019 డిసెంబరులో ఒకాయన కొందరిని వెంటబెట్టుకుని గడ్డి కోసే యంత్రాలతో వచ్చాడు. డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్... నల్ల కారు డ్రైవరు కొడుకు, తనూ పేరున్న డ్రైవరే. ట్రాక్ బతుకుతుందన్న ఆశ ఆయనకీ పెద్దగా లేదు. కనీసం కొలతలు తీసి కంప్యూటర్ గేమ్‌లోనైనా దాచుదామనుకున్నాడు. మొక్కలు పీకారు, లేజర్‌తో కొలిచారు. 2020లో కోవిడ్‌తో పోటీలు ఆగినప్పుడు అసలు డ్రైవర్లే ఇళ్లలో కూర్చుని ఆ బొమ్మ ట్రాక్ మీద పందెం ఆడారు, టీవీలో జనం చూశారు. అప్పుడు పుట్టింది ఆశ! 2021లో రాష్ట్ర ప్రభుత్వం కోవిడ్ సాయం నిధుల్లోంచి కోటీ 80 లక్షల డాలర్లు కేటాయించింది. కోవిడ్ డబ్బు కార్ల పందేలకా అంటే... అడగాల్సిన ప్రశ్నే. ఆ ఊళ్లో మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

2022 ఆగస్టు 31న స్థానిక స్థాయి పోటీ. ఎర్న్‌హార్ట్ జూనియర్ స్వయంగా నడిపి మూడోస్థానంలో నిలిచాడు. 2023 మే 21న నాస్కార్ ఆల్‌స్టార్ పోటీ, గెలుపు కైల్ లార్సన్‌ది. బాగుచేయించిన సంస్థని నడిపేది మార్కస్ స్మిత్... తేదీలు పట్టుకుపోయిన బ్రూటన్ స్మిత్ కొడుకే. వెలిసిపోయిన గోడల మీది 'విన్‌స్టన్ కప్' అక్షరాలకి రంగు వేయకుండా అలాగే ఉంచాడు. 2026 క్యాలెండర్‌లో అసలైన పాయింట్ల పోటీకీ చోటు దక్కింది.

అన్నీ పాతవే రాలేదు. డ్రైవర్లకి ఎంతో ఇష్టమైన ఆ గరుకు తారుని తీసేసి కొత్తది పరిచారు. ఇప్పటి నాస్కార్ కారుని షోరూమ్‌లో కొనలేరు. చక్రానికి అయిదు నట్ల బదులు 2022 నుంచి ఒకటే నట్టు. బంపరు మీద ఫోర్డ్, షెవ్రొలే పేర్లున్నా లోపలి భాగాలు చాలావరకు అందరికీ ఒకటే. నాన్న కారుకి ఓటేయడానికి ఏముంది అందులో?

2024 మొదట్లో ఇంకో వింత. చలికాలం తర్వాత స్టాండ్ల కింద పగుళ్లు పరీక్షిస్తుంటే నేల కింద దాదాపు 700 చదరపు అడుగుల గుహలాంటి ఖాళీ బయటపడింది. పాతకాలపు సారా బట్టీ అయ్యుండొచ్చని ట్రాక్ వాళ్లే నవ్వుతూ ప్రకటించారు. బట్టీ అనడానికి ఆధారమేమీ దొరకలేదు. ఊళ్లోవాళ్లకి ఆధారంతో పనేముంది!

షార్లట్ వైపు నుంచి వెళ్లేవాళ్లు 421 హైవే ఎక్కితే ట్రాక్ రోడ్డు మీంచే కనిపిస్తుంది. ఆ హైవేలో కొంత భాగానికి ఓ పేరు పెట్టి బోర్డు పాతారు: జూనియర్ జాన్సన్ హైవే. పక్కనే వేగ పరిమితి బోర్డూ ఉంటుంది.