నుదురు నేలకు తగలని మొగ్గ

పిల్లిమొగ్గ వేయడానికి పిల్లలు ఎవరి అనుమతీ అడగరు. పరుపు కనబడితే చాలు, తల కిందికీ కాళ్లు పైకీ పోతాయి. నస్రుల్లాబాద్‌లో మా ఇంటికి దగ్గరలో జిమ్నాస్టిక్స్ నేర్పే శాల లేదు. నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి పేరు పాఠశాల వార్షికోత్సవంలో మొగ్గలు వేసే పిల్లల జాబితాలో చేరింది. ఆ వారమే పొరుగింటి అబ్బాయి గచ్చు మీద మొగ్గ వేసి, మెడ తిప్పలేక బడి మానుకున్నాడు. వద్దనడం తేలికే. కానీ మనం వద్దన్న పనిని పిల్లలు మన కంటికి కనబడని చోట చేస్తారు. అందుకే ఇంట్లోనే, మా కళ్లెదుటే నేర్పాలని నిశ్చయించుకున్నాను.

మా మామూజాన్ కుర్రతనంలో తాలీంలో కుస్తీ నేర్చినవారు. రోజూ కసరత్తుకు ముందు గోదాలోని మట్టిని పారతో తవ్వి, గుల్ల చేసి, చదును చేసిన తరువాతే అందులో కాలు పెట్టేవారమని చెబుతుంటారు. ఆయన మొదట అడిగింది, “నేల ఏదమ్మా?” అని. నేను దూదిపరుపు చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపారు. మరీ మెత్తని పరుపులో తల కూరుకుపోతుంది, ఒళ్లు మాత్రం ముందుకు దొర్లుతుంది. ఆ బరువంతా మెడ మీద పడుతుంది. గడ్డివాము మీద ఆడే పిల్లలకూ ఇదే ప్రమాదం. చివరకు జంపఖానా పరచి, దాని మీద బొంతలు మడతలు పెట్టి, జారకుండా అంచులు కిందికి దోపాము. ఒక కొనకింద దుప్పట్లు పెట్టి కొద్దిగా వాలు చేశాము. వాలు ఉంటే ఒళ్లు తనంతట తానే దొర్లుతుంది, పిల్ల మెడతో తోసుకోవలసిన పని ఉండదు.

మొదటి రోజు ఒక విషయం గమనించాను. రెండు చేతులూ ఆనించగానే మా అమ్మాయి నుదురును నేలకు ఆనిస్తోంది. ఎందుకో నాకు వెంటనే తెలియలేదు. మామూజాన్ నవ్వారు: “దానికి వచ్చినది సజ్దా. నేల కనబడితే నుదురే ముందు పోతుంది.” నమాజులో నుదురు నేలను తాకాలి. మొగ్గలో నుదురు గానీ నడినెత్తి గానీ నేలను తాకకూడదు. గడ్డం ఛాతీకి అంటుకుని, చూపు సొంత పొట్ట వైపు తిరగాలి. బరువును చేతులు మోయాలి. ముందుగా నేలను చేరవలసింది మెడకు దిగువన, భుజాల వెనుక భాగం. ఈ తేడా మాటలతో ఎంత చెప్పినా ఎక్కలేదు. మామూజాన్ ఒక చేతిరుమాలును మడిచి దాని గడ్డం కింద ఇరికించి, “ఇది జారితే మొగ్గ లెక్కకు రాదు” అన్నారు. ఆటలాగా మారేసరికి రెండు రోజుల్లో పట్టుబడింది.

అయినా వారం దాకా పూర్తి మొగ్గ వేయనివ్వలేదు. మోకాళ్లు కౌగిలించుకుని, వీపును గుండ్రంగా వంచి, ఊయలలా వెనక్కీ ముందుకూ ఊగడం. ఎలుగుబంటిలా చేతులూ కాళ్లూ ఆనించి నడవడం. మణికట్లు తిప్పి వదులు చేయడం. పిల్లలకు ఇవి విసుగు. చేతులు ఒంటి బరువును మోయగలవో లేదో తేలేది మాత్రం వీటితోనే. ఆ తరువాత గొంతుకు కూర్చుని, అరచేతులు భుజాల వెడల్పున ముందు ఆనించి, నడుము పైకెత్తి, కాళ్లతో నెట్టి దొర్లడం. లేచేటప్పుడు మడమలను పిరుదుల దగ్గరకు లాక్కుని, చేతులను ముందుకు చాచాలి. పక్కన మోకాళ్ల మీద కూర్చున్న పెద్దవారి ఒక చేయి పిల్ల తల వెనుక, మరొకటి తొడ వెనుక ఉండాలి. వెనుక నుంచి తోయడం సహాయం కాదు.

దుస్తుల సంగతి తల్లులు చూసుకోవలసిందే. దుపట్టా, హిజాబ్ పిన్నులు, మెడలో గొలుసు, కొప్పులోని క్లిప్పు, అన్నీ తీసి పక్కన పెట్టించాను. కమీజును సల్వారులోకి దోపి, తలకు పిన్ను లేని బిగువైన టోపీ తొడిగాను. నానీజాన్‌కు అసలు ఈ వ్యవహారమే నచ్చలేదు. “ఆడపిల్లకు మొగ్గలెందుకు బేటీ?” అన్నారు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగుపందెం ఆడిన సంగతి ఆవిడే మాకు చిన్నప్పుడు చెప్పారు, అదే గుర్తుచేశాను. కాళ్లను పూర్తిగా కప్పే దుస్తులు జిమ్నాస్టిక్స్ నిబంధనలకు విరుద్ధం కావు. 2021లో జర్మనీ అమ్మాయిలు టోక్యో ఒలింపిక్స్‌లో అలాంటి దుస్తులతోనే పాల్గొన్నారు. మన హైదరాబాద్ అమ్మాయి అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్ పోటీల్లో వాల్ట్ విభాగంలో కాంస్యం గెలిచారు. ఆమె కూడా ఏనాడో ఒకనాడు ఈ పిల్లిమొగ్గ దగ్గరే మొదలుపెట్టి ఉంటారు.

కడుపు నిండా తిన్నప్పుడు, తల తిరుగుతున్నప్పుడు, మెడ నొప్పి ఉన్నప్పుడు మొగ్గ వద్దు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ ఎముకల పట్టు వదులుగా ఉంటుంది కనుక వైద్యుని అడగకుండా అసలు వేయించకూడదు. పడిన పిల్ల మెడ నొప్పి అన్నా, చేతులు తిమ్మిరెక్కాయన్నా లేపి కూర్చోబెట్టవద్దు, తల కదల్చవద్దు. ఉన్నచోటే ఉంచి 108కి ఫోన్ చేయాలి.

వెనక్కి వేసే మొగ్గను మేము ముట్టుకోలేదు. అందులో చేతులు సరిగా నెట్టకపోతే బరువు నేరుగా మెడ మీదకే వస్తుంది. పాఠశాల జాబితాలో మాత్రం అది కూడా ఉంది, అదీ సిమెంటు వేదిక మీద. నేను, మరో ముగ్గురు తల్లులం ప్రధానోపాధ్యాయుణ్ణి కలిశాము. ఆయన మొదట, “ఏటా చేయిస్తూనే ఉన్నామమ్మా” అన్నారు. మామూజాన్ బొంత మడత చంకలో పెట్టుకుని వెంట వచ్చారు. దాన్ని ఆ గదిలోనే పరచి, మా అమ్మాయి చేత ఒక మొగ్గ వేయించారు. రుమాలు జారలేదు. వెనుక మొగ్గను జాబితా నుంచి తీసేశారు. వేదిక మీద పరచడానికి పది బొంతలు కావాలన్నారు. ఇప్పటికి ఏడు కుట్టాము.