పాత జెట్టు కొనే ముందు లాగ్‌బుక్కులు అడగండి



మన గ్రూపులో వారం రోజులుగా ఒకటే మాట. పదిమంది కలిసి తలా కొంత వేసుకుని సెకండ్ హ్యాండ్ చిన్న జెట్టు ఒకటి కొనాలి, బీదర్ నుంచి బెంగళూరుకీ తిరుపతికీ అద్దెకు తిప్పాలి అని. ఇద్దరు ముగ్గురు రిటైర్మెంట్ డబ్బు పెడతామంటున్నారు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను. విసుక్కోకుండా చదవండి.

పాతది అని నాకు చిన్నచూపు లేదు. మన ఊరి నుంచి ఎగిరిన స్టార్ ఎయిర్ వాళ్ళ 50 సీట్ల ఎంబ్రేర్ 145 కూడా వేరేచోట తిరిగి వచ్చినదే. వయసు కన్నా ఎలా చూసుకున్నారన్నది ముఖ్యం. రైలు పెట్టె చివర చూడండి. పీఓహెచ్ ఎప్పుడయింది, మళ్ళీ వర్క్‌షాపుకు ఎప్పుడు పోవాలి అని తేదీలు రాసి ఉంటాయి. రంగు ఎంత కొత్తగా ఉన్నా మేము చూసేది ఆ తేదీనే. విమానానికీ అంతే. కాకపోతే ఆ తేదీలు లాగ్‌బుక్కుల్లో ఉంటాయి.

అందులో మూడు లెక్కలు చూడాలి. ఎన్ని గంటలు ఎగిరింది, ఎన్నిసార్లు ఎక్కి దిగింది, ఎన్నేళ్ళయింది. సెస్నా వాళ్ళ సైటేషన్ మస్టాంగ్ చూడండి. వెనక నలుగురు కూర్చునే జెట్టు, 2017లో తయారీ ఆపేశారు. దాని ఇంజను 3,500 గంటలకు పూర్తిగా విప్పి ఓవర్‌హాల్ చేయాలి. ఇంజన్లు రెండు. 3,200 గంటలు తిరిగినది చవకగా వస్తోందంటే, తగ్గించిన ధర ఎక్కడికీ పోలేదు, ఓవర్‌హాల్ బిల్లు రూపంలో మన ముందే ఉంది. లాగ్‌బుక్కు ఒకటి పోయిందంటే ధర ఎందుకు పడిపోతుందో ఇప్పుడు అర్థమవుతుంది. షెడ్డులో ఊరికే నిలబెట్టినా ఖర్చు తప్పదు. నెలల లెక్కన చేయాల్సిన తనిఖీలు ఎగరకపోయినా వస్తాయి, తుప్పూ వస్తుంది.

కొనే ముందు తనిఖీ చేయించాలి. అమ్మేవాడి మెకానిక్కుతో కాదు, మనం ఎంచుకున్న వర్క్‌షాపులో. ఇంజను లోపలికి బోరోస్కోపు కెమెరా పంపి బ్లేడ్లు చూడాలి. విమానం మీద బ్యాంకు అప్పు ఉందేమో చూడాలి.

ఇక అద్దె సంగతి. దానికి డీజీసీఏ దగ్గర నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ కావాలి. అది లేకుండా డబ్బు తీసుకుని ఎక్కించుకోవడం వైట్ బోర్డు కారును ట్యాక్సీగా తిప్పడం లాంటిదే. పైగా మన రన్‌వే ఎయిర్ ఫోర్స్‌ది. 2020 ఫిబ్రవరిలో మనకు తెరిచింది సివిల్ టెర్మినల్ మాత్రమే. పైలట్ల శిక్షణ నడిచే చోట వాళ్ళు ఒప్పుకున్న వేళకే దిగాలి. ఉడాన్ పథకం ఉండి కూడా ట్రూజెట్ ఆగిపోయింది. తర్వాత వచ్చిన స్టార్ ఎయిర్ కూడా మధ్యలో ఆగింది. 50 సీట్లకే ఇంత కష్టమైతే, నాలుగు సీట్ల ఖర్చును నలుగురే మోయాలి కదా.

అమెరికాలోనూ ఇదే జరిగింది. ఎక్లిప్స్ 500 అనే చిన్న జెట్టుతో డేజెట్ అనే కంపెనీ ఫ్లోరిడాలో ఎయిర్ ట్యాక్సీ నడిపింది. 2008 సెప్టెంబరులో మూసేసింది. రెండు నెలల్లో ఎక్లిప్స్ తయారుచేసే కంపెనీ కూడా దివాలా తీసింది. అడ్వాన్సు కట్టినవాళ్ళ డబ్బు పోయింది.

తమ్ముళ్ళూ, మీ ఉత్సాహానికి అడ్డు పడటం లేదు. డబ్బున్నవాళ్ళు సరదాకు కొనుక్కుంటే అది వాళ్ళిష్టం. పెన్షన్ మీద బతికేవాళ్ళను మాత్రం ఇందులోకి లాగకండి. ప్రతిపాదన తెచ్చినవాళ్ళను మూడు కాగితాలు అడగండి: ఇంజన్ల లాగ్‌బుక్కుల కాపీ, మనం ఎంచుకున్న వర్క్‌షాపు తనిఖీ రిపోర్టు, అద్దెకు తిప్పే పర్మిట్ ఎవరి పేరున ఉందో దాని కాపీ. అవి వచ్చేదాకా ఎవరూ ఒక్క రూపాయి కూడా పంపకండి. వస్తే సంఘం ఆఫీసులో అందరం కూర్చుని చదువుదాం. రిజిస్టర్లు చూడటానికి నేను వస్తాను.